మామయ్య పడవలో దీవులు చూశాము



మా యలమంచిలి రైలు స్టేషనులో కాసేపు నిలబడితే మద్రాసు వైపు వెళ్ళే బండ్లు, హౌరా వైపు వెళ్ళే బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. కనుక మా ఊరివారికి ప్రయాణమంటే రైలే. రాంబిల్లి వైపు సైకిలు మీద వెళ్ళి వచ్చేటంత దూరంలోనే సముద్రం ఉన్నా, దాని మీద ప్రయాణం చేసినవారు మా వీధిలో లేరు. అలాంటి మేము 2017 వేసవి సెలవుల్లో అమ్మను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని ఓడ ఎక్కి అండమాన్ వెళ్ళాము. అక్కడ పడవ మాట్లాడుకుని కొన్ని దీవులు చూసి వచ్చాము. అప్పటి నుండి చాలామంది అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఎందుకు వెళ్ళాము?

నిజం చెప్పాలంటే మేము దీవులు చూడటానికి బయలుదేరలేదు. మా అమ్మ పుట్టిల్లు శారదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోని మత్స్యకారుల గ్రామం. ఆమెకు ఒక్కడే తమ్ముడు. ఆయన 1979లో వేట పనికని అండమాన్ వెళ్ళి, పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడు. మన ఉత్తరాంధ్ర తీరం నుండి అలా వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలో ప్రతి వందమందిలో పదముగ్గురు ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగవ స్థానం మన భాషదే.

1986లో మా తాతయ్య కన్నుమూశారు. మామయ్యకు టెలిగ్రాము ఇచ్చారు. ఆయన భూస్థాపనకు రాలేదు. నలభై రోజుల తరువాత వచ్చి, "ఓడ లేదప్పా" అన్నాడు. అమ్మ ఆ మాట నమ్మలేదు. "కన్నతండ్రిని సాగనంపడానికి రానివాడికి ఇదొక వంక" అని పదిమంది ముందూ అనేసింది. ఆయన తలవంచుకుని వెళ్ళిపోయాడు. తరువాత పంపిన మనియార్డరును అమ్మ వెనక్కి పంపింది. ఒక ఉత్తరం వస్తే విప్పకుండానే పోస్టుమానుకు తిరిగి ఇచ్చేసింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇద్దరికీ మాటలు లేవు. క్షమాపణ గురించి మందిరములో ఎన్ని ప్రసంగాలు విన్నా, తమ్ముడి సంగతి వచ్చేసరికి ఆమె మాట మార్చేది.

2017 నాటికి అమ్మకు డెబ్భై రెండేళ్ళు. రక్తపోటు, కీళ్ళ నొప్పులు. ఒకనాటి సాయంత్రం బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి, "వాణ్ణి ఒకసారి చూసొస్తానురా" అంది. ఆ మాట వెనక్కి తీసుకోకముందే మేము టికెట్లు కొనేశాము. ఇద్దరమూ ఉపాధ్యాయులము కావటం వలన మే నెల తప్ప మాకు వేరే వీలు లేదు. ఆ నెల మంచిది కాదని అప్పుడు మాకు తెలియదు.

రెండున్నర రోజుల నీళ్ళు

విశాఖ నుండి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1200 కిలోమీటర్లు. ఓడకు రెండున్నర రోజుల వరకు పడుతుంది. మేము తీసుకున్నది బంకు తరగతి. రైల్లో పడక బల్లల వంటివే, కాకపోతే ఒక పెద్ద హాలులో వందలాది వరుసగా ఉంటాయి. మాతోపాటు ఎక్కినవారిలో సెలవులకు ఇంటికి వచ్చి తిరిగి పనులకు వెళ్ళే శ్రీకాకుళం, విశాఖ వారే ఎక్కువ. ఆవకాయ జాడీలు, బియ్యం మూటలు, కోడిపిల్లల బుట్ట కూడా చూశాము. పక్క బంకులో ఉన్న ఒక ముసలాయన తన చిన్నతనంలో ఇదే దారిన వెళ్ళిన సంగతులు చెబుతూ మా పిల్లలకు కాలక్షేపం చేశాడు.

మొదటి రాత్రి అందరికీ వాంతులు. నిమ్మకాయ, ఎండు అల్లం చాలా ఉపకరించాయి. కడుపు ఖాళీగా ఉంచుకోకూడదని, పొడి రొట్టె ముక్కైనా తినాలని తోటి ప్రయాణికులు చెప్పారు. రెండవ రోజు నుండి అలవాటైంది. తీరం దగ్గర మట్టి రంగులో ఉన్న నీళ్ళు మొదట పచ్చబడి, తరువాత నీలమై, చివరకు నలుపెక్కాయి. ఈ నీటిని చూసే వెనుకటివారు కాలాపానీ అన్నారేమో అనిపించింది. ఎగిరే చేపలు వెండి బిళ్ళల్లా నీళ్ళ మీదికి లేచి మళ్ళీ మునుగుతుంటే పిల్లలు లెక్కపెట్టారు. అమ్మ మాత్రం డెక్కు మీద ఒక మూల కూర్చుని తూర్పు వైపే చూస్తూ ఉండేది.

హడ్డో రేవులో మామయ్య వచ్చి నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. "వచ్చినావా అప్పా?" అన్నాడు. "వచ్చాను" అంది అమ్మ. చేతిలో సంచి అందించింది. అంతే. మేము ఇంకేదో జరుగుతుందని చూశాము కానీ, ఏమీ జరగలేదు. ఇంటికి వెళ్ళాక అత్తయ్య చేపల పులుసు పెట్టింది. అక్కాతమ్ముళ్ళు ఆ చేప పేరు గురించి, మన వైపు దానిని ఏమంటారో దాని గురించి మాట్లాడుకున్నారు. తాతయ్య పేరు ఎవరూ ఎత్తలేదు.

మన ఏజెన్సీవారు చూసిన జైలు

అక్కడ తెల్లవారు జామున అయిదింటికే ఎండ వస్తుంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి. గడియారం మనదే అయినా సూర్యుడు మనకన్నా ముందు లేస్తాడు. కనుక ఉదయాన్నే బయలుదేరి మొదట సెల్యులార్ జైలు చూశాము. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. సైకిలు చక్రపు పుల్లల్లా ఏడు వరుసలు, నడుమ ఒక కావలి గోపురం. ఒక గదిలోని మనిషికి మరొకరి ముఖం కనబడకుండా కట్టారు. ఇప్పుడు మూడు వరుసలే మిగిలాయి. ఒక గదిలో నిలబడి తలుపు మూయించుకున్నాము. ఎత్తున ఒక చిన్న కిటికీ తప్ప మరేమీ లేదు. చిన్నవాడు ఒక నిమిషంలోనే తలుపు తీయమన్నాడు.

ఈ గదులు మన ప్రాంతపు మనుషులనూ ఎరుగును. 1922 నుండి 1924 వరకు మన నర్సీపట్నం, చింతపల్లి ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీలో ముఖ్యుడైన గాం మల్లుదొరను అండమాన్ పంపారు. ఆయన బ్రతికి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే లోక్‌సభలో అండమాన్ నికోబార్ ద్వీపాల తరఫున నియమితులైనవారు నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్. ఆయన క్రొత్త నిబంధనను నికోబారు భాషలోకి తెచ్చినవారు, తరువాత బిషప్ అయినవారు. మన కొండల నుండి ఖైదీగా దీవికి వెళ్ళినవాడు, దీవిలోనే పుట్టినవాడు ఒకే సభలో కూర్చున్నారన్న సంగతి పిల్లలకు చెబితే పెద్దమ్మాయి నోటు పుస్తకంలో రాసుకుంది.

పడవ మాట్లాడుకున్నాము

పాశ్చాత్య దేశాలలో డబ్బున్నవారు తెరచాపల నావను నావికుడితో, వంటమనిషితో సహా వారం పది రోజులకు అద్దెకు తీసుకుని కరిబియన్ దీవులలోనో, గ్రీసు దీవులలోనో, థాయిలాండ్‌లోని ఫుకెట్ దగ్గరో తిరుగుతారట. వాటిని యాట్‌లంటారు. అలాంటివి ఫుకెట్ నుండి సముద్రం దాటి అండమాన్‌కు కూడా వస్తుంటాయి. అయితే అవి ముందుగా అనుమతి పొంది పోర్ట్ బ్లెయిర్‌లో హాజరు వేయించుకోవాలి, ఇష్టం వచ్చిన దీవిలో లంగరు వేయటానికి వీలు లేదు. మా బోటివారికి యాట్ ఎక్కడిది? మామయ్య కొడుకు, అంటే మా బావమరిది, యాత్రికులను ఎక్కించుకోవటానికి అనుమతి ఉన్న ఒక ఇంజను పడవకు డ్రైవరు. అక్కడ దానిని డుంగీ అంటారు. ఒక రోజు కిరాయి యజమానికి చెల్లించి పడవ మొత్తం మేమే మాట్లాడుకున్నాము. మామయ్య కూడా వచ్చాడు.

పడవ కదలకముందు మామయ్య అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ముడులు తానే బిగించాడు. తలలు లెక్కపెట్టాడు. మాతోపాటు వస్తామని ఇద్దరు కుర్రవాళ్ళు బ్రతిమాలితే ఎక్కించుకోలేదు. మేము, "చోటు ఉంది కదా మామయ్యా" అన్నాము. ఆయన సమాధానం చెప్పలేదు. బావమరిది తరువాత చెప్పాడు. 2014 జనవరి 26న ఈ నీళ్ళలోనే యాత్రికుల పడవ ఒకటి ఎక్కువ మందిని ఎక్కించుకుని బోల్తా పడి, ఇరవై మందికి పైగా చనిపోయారు. తీరం కనబడుతూనే ఉందట.

మొదట రాస్ దీవి. అబర్డీన్ రేవు నుండి పావుగంటలో చేరవచ్చు. 1858లో ఇంగ్లీషువారు శిక్షా స్థావరం పెట్టినప్పటి నుండి 1941 వరకు ద్వీపాలన్నిటి పాలన ఈ చిన్న దీవి నుండే సాగింది. కమిషనరు బంగళా, రొట్టెల దుకాణం, నాట్యశాల, ఈత కొలను అన్నీ ఉండేవి. 1941 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. మరుసటి ఏడు మార్చిలో జపాను సైన్యం దిగింది. ఆ తరువాత ఆ ఊరు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు జింకలు, నెమళ్ళు తిరుగుతున్నాయి. ప్రెస్బిటేరియన్ మందిరం గోడలు మాత్రం నిలిచి ఉన్నాయి. పైకప్పు లేదు. మర్రిజాతి చెట్ల వేళ్ళు గోడలను చుట్టుకుని, ఎక్కడ రాయో ఎక్కడ వేరో తెలియకుండా ఉన్నాయి. ఖైదీల చేత పని చేయించుకుంటూ, ఆదివారం ఈ మందిరములో కూర్చున్నవారు ఏమని ప్రార్థించి ఉంటారో అని మేము చాలాసేపు అనుకున్నాము. అమ్మ గడపలో నిలబడి, "కట్టినవాళ్ళెవరు, కూర్చున్నవాళ్ళెవరు" అంది.

అక్కడి నుండి నార్త్ బే. మనకు అలవాటైన ఎర్రటి పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్లు, కొండ, దీపస్తంభం ఉండేవి గుర్తుందా? ఆ బొమ్మ ఇక్కడిదే. పిల్లలు నోటు పట్టుకుని సరిచూశారు. అద్దపు అడుగు ఉన్న పడవలోంచి పగడపు దిబ్బలు చూశాము. పగడం రాయి కాదు. లెక్కలేనన్ని చిన్న ప్రాణులు తరతరాలుగా కట్టుకున్న ఇల్లు. నీళ్ళు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి అలాగే కొన్ని వారాలుంటే అవి తెల్లబడి చనిపోతాయి. 2010లో అండమాన్‌లో చాలా దిబ్బలు అలా తెల్లబడ్డాయి. మేము చూసిన చోట కొన్ని రంగురంగులుగా ఉన్నాయి, కొన్ని బూడిద కుప్పల్లా ఉన్నాయి.

వైపర్ దీవి మీదుగా వెనుదిరిగాము. అక్కడ ఎర్రటి ఉరికంబపు గది ఉంది. 1872 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ లార్డ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీని మరుసటి నెల ఈ దీవిలోనే ఉరి తీశారు.

స్వరాజ్ ద్వీప్

తరువాతి రోజు ప్రభుత్వ ఓడలో హేవ్‌లాక్ దీవికి వెళ్ళాము. రెండున్నర గంటల ప్రయాణం. దారి పొడవునా కుడి ఎడమల పచ్చని దీవులు ఒకదాని వెనుక ఒకటి వస్తూ పోతుంటాయి. చాలా వాటిలో మనుషులు లేరు. ద్వీపాలు వందల్లో ఉంటే మనుషులున్నవి నలభైకి లోపే. హేవ్‌లాక్ అన్నది 1857 నాటి ఇంగ్లీషు సేనాని పేరు. ఆయన శ్రీరాంపూర్ బాప్టిస్టు మిషనరీ జాషువా మార్ష్‌మన్‌కు అల్లుడని చదివాము. పక్క దీవికి నీల్ అన్న మరో సేనాని పేరు పెట్టారు. నీల్ తిరుగుబాటును అణచడంలో మహా క్రూరుడని పేరుపడ్డవాడు. మేము వచ్చిన తరువాత, 2018 డిసెంబరు 30న, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని, రాస్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది.

స్వరాజ్ ద్వీప్‌లో ఉన్నవారు ఎక్కువగా తూర్పు బెంగాలు నుండి శరణార్థులుగా వచ్చి, అడవి కొట్టి పొలాలు చేసుకున్నవారి పిల్లలు. వరి, పోక, అరటి, కొబ్బరి. చూడటానికి అచ్చంగా మన కోనసీమ. రాధానగర్ తీరంలో ఇసుక పిండిలా తెల్లగా ఉంటుంది. వెనుక పెద్ద పెద్ద చెట్ల అడవి నేరుగా ఇసుక మీదికి వస్తుంది. అక్కడ అమ్మ మొదటిసారి చెప్పులు విడిచి నీళ్ళలో అడుగు పెట్టింది. మామయ్య పక్కన నిలబడి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది కానీ ఏమీ అనలేదు.

ఆ దీవిలో ఇంకొక పడవ మాట్లాడుకుని ఎలిఫెంట్ బీచ్ వైపు వెళ్ళాము. ఒకప్పుడు దుంగలు లాగే ఏనుగులు ఉండేవట. పెద్దమ్మాయి అందమైన గవ్వ ఒకటి ఏరి సంచిలో వేసుకుంది. పడవవాడు చూసి దానిని మళ్ళీ నీళ్ళలో పెట్టించాడు. చాలా రకాల గవ్వలు, అన్ని పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ పొందినవి. తీసుకువెళితే రేవులో పట్టుకుంటారు. అంతకన్నా ఆ పడవవాడు చెప్పిన మాట మాకు నచ్చింది. "ఖాళీ గవ్వ కూడా ఖాళీగా ఉండదమ్మా, సన్యాసి పీత దానిలో కాపురం పెడుతుంది" అన్నాడు.

ఓడ లేదు

మే 13 నాటికి షహీద్ ద్వీప్ చేరాము. చిన్న దీవి, కూరగాయలకు పేరు. లక్ష్మణ్‌పూర్ తీరంలో, ఆటు వేళ నీళ్ళు తగ్గినప్పుడు, సముద్రం తొలిచిన రాతి వంతెన వరకు నడిచి వెళ్ళవచ్చు. మరునాడు మధ్యాహ్నం ఓడలో తిరిగి వెళ్ళాలని మా ఏర్పాటు. ఆ రాత్రి గాలి తిరిగింది. తెల్లవారేసరికి ఆకాశం సీసంలా ఉంది. ఆ ఏడు నైరుతి ఋతుపవనం మే 14కే అండమాన్ సముద్రానికి వచ్చేసింది. రేవుకు వెళితే గేటు మూసి ఉంది. ఓడ లేదు. ఎప్పుడొస్తుందని అడిగితే, "సముద్రం చూసి చెబుతాము" అన్నారు.

ఆ ఆదివారం ఉన్న గదిలోనే కుటుంబ ప్రార్థన చేసుకున్నాము. సోమవారం కూడా ఓడ లేదు. అమ్మ రక్తపోటు మాత్రలు రెండు రోజులకే తెచ్చాము. మిగిలినవి జంగ్లీఘాట్‌లో పెట్టెలో ఉన్నాయి. అయిపోయాయి. విశాఖకు మా ఓడ నాలుగు రోజుల్లో ఉంది, అది తప్పితే మళ్ళీ ఎప్పుడో. నా భార్య ముఖం చూసి నాకు కాలు నిలవలేదు. రేవు పక్కన పడవలు కట్టేసి ఉన్నాయి. ఒక పడవ మనిషితో బేరం మొదలుపెట్టాను. నలభై కిలోమీటర్లు, మామూలు కిరాయికి మూడింతలు ఇస్తానన్నాను. అతను ఊగిసలాడుతున్నాడు. ఇంతలో మామయ్య వచ్చి నా చేతిలో నోట్లు తీసి నా జేబులోనే పెట్టాడు.

"డబ్బుకి సముద్రం తగ్గదు నాయనా. ఈడు ఒప్పుకున్నా నాను ఎక్కనివ్వను" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "అమ్మకేమైనా అయితే?" అని గట్టిగానే అన్నాను. ఆయన అమ్మను ఆటో ఎక్కించి అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాడు. డాక్టరు చూసి వారానికి సరిపడా మాత్రలు ఇచ్చారు. అంత చిన్న సంగతి నా తొందరలో నాకు తోచనేలేదు.

సాయంత్రం వాన కొంచెం తెరిపిచ్చింది. అమ్మ, మామయ్య రేవు ముందున్న బడ్డీ బల్ల మీద కూర్చున్నారు. మేము కాస్త ఎడంగా ఉన్నాము. అమ్మ చాలాసేపు ఆ మూసిన గేటు వైపు చూసి అడిగింది.

"నాన్న పోయినప్పుడు కూడా ఇలాగేనేట్రా?"

మామయ్య వెంటనే మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. టెలిగ్రాము అందేసరికి మూడో రోజు. ఓడ అంతకు ముందు రోజే వెళ్ళిపోయింది. విమానానికి టికెట్టు కొనే స్తోమతు లేదు. అప్పు దొరుకుతుందేమోనని ఇద్దరు ముగ్గురిని అడిగాడు. తరువాత తుఫాను కాలం. రేవుకు రోజూ వెళ్ళి అడిగేవాడు. అప్పటికి భూస్థాపన అయిపోయిందని తెలుసు. అయినా వెళ్ళేవాడు.

"ఇదంతా నాతో ఎందుకు సెప్పలేదు?" అంది అమ్మ.

"రాసినానప్పా. నువ్వు ఇప్పకుండా తిప్పి పంపినావు."

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్య, "పోనీలే అప్పా, పోనీలే" అంటూ ఉన్నాడు. మేము పిల్లలను తీసుకుని రెండో వైపుకు నడిచాము. అది వారిద్దరి మధ్య సంగతి.

తిరిగి వచ్చి చూసేసరికి అమ్మ తాతయ్య ఆఖరి రోజుల గురించి చెబుతోంది. ఏమి తిన్నాడు, ఎవరిని కలవరించాడు, మందిరములో ఎవరు పాట ఎత్తారు, సమాధి ఎక్కడ. మామయ్య ముప్పై ఒక్క ఏళ్ళ నాటి వార్త ఇప్పుడే అందినట్టు వింటున్నాడు. ఓడ మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. విశాఖ ఓడ మాకు అందింది.

వెళ్ళదలచినవారికి

అనుభవం మీద కొన్ని మాటలు చెబుతాము. జనవరి నుండి ఏప్రిల్ మొదటి వారాల వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే రెండవ వారం తరువాత నైరుతి గాలులు, నవంబరు, డిసెంబరులలో తుఫానులు. 2016 డిసెంబరులో, తరువాత వర్దా తుఫానుగా మారిన వాయుగుండం వలన ఈ రెండు దీవులలోనే వందలాది యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకువచ్చాయి. విశాఖ నుండి ఓడలు తరచుగా ఉండవు. ముందుగా విచారించుకోండి. చెన్నై నుండి కొంచెం ఎక్కువగా ఉంటాయి. ఎన్ని రోజులు అనుకుంటే దానికి మూడు రోజులు కలుపుకోండి. మందులు ఎప్పుడూ చేతి సంచిలోనే, వారం ఎక్కువే ఉంచుకోండి.

పడవ మాట్లాడుకునేటప్పుడు కిరాయి కన్నా ముందు మూడు సంగతులు అడగండి. యాత్రికులను ఎక్కించుకునే అనుమతి ఉందా? ఎంతమందికి? అంతమందికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? పడవవాడు వద్దంటే బేరమాడకండి. పగడాల మీద నిలబడకండి.

మరొకటి. జారవా, సెంటినలీ వంటి ఆదివాసులు ఉన్న చోట్లకు వెళ్ళటం, ఫోటోలు తీయటం నేరం. ఉత్తర సెంటినల్ దీవికి అయిదు నాటికల్ మైళ్ళ దగ్గరకు కూడా ఏ పడవా వెళ్ళరాదు. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు సువార్త చెప్పాలని దొంగచాటుగా వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. మనకు మామూలు జలుబు కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు. వారి జోలికి పోకపోవటమే వారి పట్ల ప్రేమ అని మా అభిప్రాయం.

చివరిగా ఒక్క మాట

2020 ఏప్రిల్‌లో అమ్మ ప్రభువునందు నిద్రించింది. దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. రైళ్ళు, విమానాలు, ఓడలు అన్నీ ఆగిపోయాయి. మేము పదిమందిమే వెళ్ళి భూస్థాపన ముగించాము. ఆ మధ్యాహ్నం మామయ్యకు ఫోను చేశాము. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత, "నాయనా, ఓడ..." అని ఆగిపోయాడు.

"తెలుసు మామయ్యా. అమ్మకు కూడా తెలుసు" అన్నాము.

ఆ ఏడాది చివర ఆయన వచ్చాడు. సమాధి దగ్గర కూర్చున్నాడు. మా వీధిలో ఒక్కరూ ఆయనను ఏమీ అనలేదు. అమ్మ తానుండగానే అందరికీ చెప్పి ఉంచింది.

మీ ఇళ్ళలోనూ ఎవరైనా "రాలేకపోయాను" అని ఎప్పుడో చెప్పి ఉండవచ్చు. వారు దీవిలో ఉండనక్కరలేదు. విప్పకుండా పక్కన పెట్టిన ఉత్తరం ఏదైనా ఉంటే విప్పి చదవండి. వీలైతే ఒకసారి వెళ్ళి చూసి రండి.